ముందు రిజిస్టరు, తరువాతే మ్యూజియం

మీ వీధిలో మరో పాత ఇల్లు పడగొడుతున్నారు. అటక మీది సామానంతా అరుగు మీదికి దిగింది. ఇత్తడి కుంచం, చిలుము పట్టిన దీపపు సెమ్మె, చెదలు తిన్న జమాఖర్చుల పుస్తకాలు, అద్దం పగిలిన పెళ్ళి ఫొటో. మధ్యాహ్నానికి పాత సామాన్లవాడు వచ్చి ఇత్తడిని తూకానికి కొన్నాడు. కాగితాలు నీళ్ళపొయ్యిలోకి వెళ్ళాయి. చూస్తూ నిలబడ్డ మీకు ప్రాణం ఉసూరుమంది.

ఆ సాయంత్రమే మిత్రులతో అన్నారు: "మన ఊరికో చరిత్ర సంఘం ఉండాలి, చిన్న మ్యూజియం పెట్టాలి." అందరూ ఔనన్నారు. తరువాత ఎవరో అడిగారు: "స్థలం ఎవరిస్తారు?" ఒకరు పంచాయతీ అన్నారు, ఇంకొకరు ఎమ్మెల్యేగారిని కలుద్దామన్నారు. వినతిపత్రం కూడా రాశారేమో. ఆ తరువాత ఏమైంది? మాట అక్కడే ఆగిపోయింది కదూ?

చాలా ఊళ్ళలో ఈ పని ఇక్కడే ఆగుతుంది. కారణం డబ్బు లేకపోవడం కాదు, పనిని తిరగేసి మొదలుపెట్టడం. భవనం ముందు, వస్తువులు తరువాత, వివరాలు ఎప్పుడైనా రాసుకోవచ్చు అనుకుంటాం. నిజానికి వివరాలే ముందు. భవనం పదేళ్ళు ఆగినా నష్టం లేదు. ఎనభై దాటిన మనిషి జ్ఞాపకం ఆగదు.

మనకంటే ముందు ఈ పని చేసినవాళ్ళను చూడండి. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. దాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన భావరాజు వెంకట కృష్ణారావుగారు వృత్తికి న్యాయవాది. శాసనాలు చదవడం, వాటిమీద రాయడం, రాసినదాన్ని అచ్చువేయడం, ఇదీ ఆ మండలి పని. మండలికి కార్యదర్శిగా శ్రమించిన రాళ్ళబండి సుబ్బారావుగారి పేరుమీద ఈనాడు గోదావరి ఒడ్డున ప్రభుత్వ మ్యూజియం ఉంది. అదే రోజుల్లో హైదరాబాదులో మొదలై, తరువాత కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారి పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' సంపుటం తెచ్చింది. వాళ్ళు రాళ్ళ మీది మాటలను పోగుచేశారు. మీరూ అలాగే మొదలుపెట్టవచ్చు. ఎలాగో చూద్దాం.

1. ఏడుగురు చాలు, కానీ ఏ ఏడుగురు?

సంఘాన్ని రిజిస్టరు చేయాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏడుగురూ రిటైరైన ఉపాధ్యాయులే అయితే సమావేశాలు బాగా జరుగుతాయి, పని సాగదు. ఫోన్‌తో చక్కగా ఫొటోలు తీసే కుర్రాడు ఒకడు కావాలి. పెళ్ళిపాటలు, ఊళ్ళో చుట్టరికాలు తెలిసిన పెద్దావిడ కావాలి. పాత దస్తావేజుల రాత చదవగలిగినవారు కావాలి. అన్ని వాడలవాళ్ళూ కావాలి, ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. నాలుగు పెద్దిళ్ళ ఇత్తడి సామాను తెచ్చి పేర్చి 'మా ఊరి చరిత్ర' అంటే అది ఆ నాలుగిళ్ళ చరిత్రే. కుమ్మరి సారె, సాలెల నాడె, తోలుపనివారి ఆరె, డప్పు లేని ఊరు ఏది? వాటి సంగతులు చెప్పేవాళ్ళు మొదటి రోజు నుంచీ మీ పక్కన కూర్చోవాలి. ఆ తరువాత పిలిస్తే చూడటానికి వస్తారు గానీ చెప్పడానికి రారు.

2. రిజిస్టరు కొనండి, ఈ వారమే

గట్టి అట్ట, కుట్టిన పుస్తకం. విడి కాగితాల ఫైలు వద్దు. పేజీలకు ముందే నంబర్లు వేయండి. వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక వరుస సంఖ్య: 2025.1, 2025.2 ఇలా. ఆ సంఖ్యకు ఎదురుగా ఇవి రాయండి: వస్తువును ఆ ఇంట్లో ఏమని పిలిచేవారు, ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరు వాడారు, దేనికి, ఎప్పటిదాకా, ఎవరిచ్చారు, ఏ తేదీన, పొడవు వెడల్పులు, ఎక్కడ విరిగింది. చెప్పినవారి మాటను వారి యాసలోనే రాయండి. దిద్దకండి.

ఇంత వివరం ఎందుకంటారా? కోటిలింగాల సంగతి చూడండి. ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరి దిబ్బల మీద దొరికిన చిన్న చిన్న నాణేలు శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి దృష్టికి వచ్చాయి. వాటిలో తొలి శాతవాహన రాజు చిముకుని నాణేలున్నాయి. శాతవాహనులకు ముందు ఏలినవారిగా భావించే గోబద, నారన వంటివారి నాణేలూ ఉన్నాయి. శాతవాహనుల తొలిరోజులను పండితులు తెలంగాణ వైపు తిరిగి వెతకడానికి ఆ నాణేలు ఆధారమయ్యాయి. కేవలం నాణేలు కాదు, 'కోటిలింగాలలో దొరికిన' నాణేలు. అవే ఏ నగరంలోనో నాణేల వ్యాపారి పళ్ళెంలో పడి ఉంటే? కొనుక్కున్నవాడికి సరదా, చరిత్రకు సున్నా.

మీ ఊరి కుంచానికీ ఇదే వర్తిస్తుంది. ఒక చిన్న సన్నివేశం ఊహించుకోండి. మీ సభ్యురాలు, బడిలో టీచరమ్మ, ఒక ముసలావిడ దగ్గర కూర్చుంది.

"మామ్మగారూ, దీంతో ఏం కొలిచేవారండీ?"

"కోతలప్పుడు కూలోళ్ళకి వడ్లు కొలిచేవాళ్ళం తల్లీ. నేనే కొలిచేదాన్ని."

"నిండుగా పోసేవారా, అంచుకి గీసేసేవారా?"

"అదేగా గొడవ! మా మామగారు గీసి కొలవమనేవారు. వాళ్ళేమో రాశిగా పొయ్యమనేవారు. ఆయన పొలానికెళ్ళినప్పుడు నేను రాశిగానే పోసేదాన్ని."

చూశారా? ఒక్క ప్రశ్నకు ఆ ఊరి కూలి, ఆ ఇంటి పెద్దరికం, ఒక కోడలి మనసు మూడూ బయటికొచ్చాయి. ఇవి లేకపోతే 2025.1 ఉత్త ఇత్తడి పాత్ర. ఇంకో పని కూడా చేయండి. కోస్తాలో చాలాచోట్ల నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. పేర్లు అవే అయినా పరిమాణం ఊరూరికీ మారేది. కాబట్టి మీ కుంచాన్ని బియ్యంతో నింపి, ఆ బియ్యాన్ని లీటరు కొలతతో కొలిచి రిజిస్టరులో వేయండి. పరిశోధకుడెవరైనా రేపు వచ్చి అడిగేది ఆ అంకెనే.

వస్తువు మీద సంఖ్య ఎలా వేయాలి? బాల్‌పెన్ను వద్దు, గమ్ముటేపు వద్దు. కాగితానికి వెనకవైపు మెత్తటి పెన్సిలుతో మూలన రాయండి. బట్టకు చిన్న నూలు పట్టీ మీద రాసి రెండు కుట్లు వేయండి. ఇనుము, ఇత్తడి, కర్ర సామానుకు దారంతో చీటీ కట్టండి. చీటీ తెగిపోవచ్చు కనుక, సంఖ్య కనిపించేలా ఒక ఫొటో తీసి ఉంచండి.

3. తీసుకున్నదానికి కాగితం

"ఉంచండి బాబూ, మాకెందుకు?" అని ఇచ్చారు. సంతోషంగా తెచ్చుకున్నారు. అయిదేళ్ళ తరువాత వాళ్ళబ్బాయి వచ్చి "మా తాతగారి గడియారం ఊరికే చూపించడానికిచ్చాం, తిరిగివ్వండి" అన్నాడు. ఏం చెబుతారు? అందుకని ఒక పేజీ దానపత్రం తయారుగా ఉంచుకోండి. శాశ్వతంగా ఇస్తున్నారా, కొంతకాలానికి ఇస్తున్నారా అన్నది స్పష్టంగా ఉండాలి. ఇంట్లో మిగతా వారసులకు తెలుసా అని అడగండి. ఇచ్చినవారికి ఒక ప్రతి. మొహమాటపడకండి, కాగితం అడిగితే మీమీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ప్రతి వస్తువునూ తీసుకోవాలనే లేదు. పూజలో ఉన్నదాన్ని అడగకండి. ఫొటో, కొలతలు, కథ రాసుకుని వస్తువును వాళ్ళింట్లోనే ఉండనివ్వండి. అదీ రిజిస్టరులోకి ఎక్కుతుంది.

4. పెద్దల దగ్గర ఏమడగాలి?

సాధారణంగా చేసే పొరపాటు ఇదీ: రికార్డరు పెట్టి "మన ఊరి చరిత్ర చెప్పండి" అనడం. అలా అడిగితే ఆ పెద్దాయన సర్దుకుని కూర్చుని ఎక్కడో విన్న స్థలపురాణం చెబుతారు. మీకు కావలసింది ఆయన కళ్ళతో చూసింది. చిన్న ప్రశ్నలు అడగండి. కరెంటు రాకముందు రాత్రి భోజనం ఎన్నింటికి? ఊరికి మొదట బస్సు ఏ దారిన వచ్చింది? మంచినీళ్ళ బావిలో ఎవరు తోడుకునేవారు, ఎవరికి తోడిపోసేవారు? గానుగ ఎక్కడుండేది? సంతకు నడిచే వెళ్ళేవారా? పాత ఫొటో ఒకటి చేతిలో పెట్టి ఊరుకోండి, మాట దానంతటదే వస్తుంది. బావి గురించి అడిగినప్పుడు మౌనం వస్తే తొందరపెట్టకండి. చెప్పడానికి ఇష్టపడని సంగతిని బలవంతంగా రాబట్టే హక్కు మనకు లేదు.

తేదీల సంగతి? మన పెద్దలు సంవత్సరాలను అంకెల్లో చెప్పరు. "గోదావరి వరద ఏడాది" అంటారు, అది 1953 ఆగస్టుదా, 1986 ఆగస్టుదా అని అడగాలి. దివిసీమలో "ఉప్పెన" అంటే 1977 నవంబరు 19. తెలంగాణలో "పోలీసు చర్యప్పుడు" అంటే 1948 సెప్టెంబరు. పుట్టింది 'నందన'లో అంటే 1952-53. అదే గుంటూరు వైపు తాతముత్తాతల నుంచి విన్న 'నందన కరువు' అయితే 1832-33. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగొస్తుంది కనుక మనిషి వయసుతో సరిచూసుకోవాలి. కాగితం మీద ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలపండి: ఫసలీ 1340 అంటే ఇంచుమించు 1930-31. బిల్లులో అణాలు, పైసలు ఉంటే అది చాలావరకు 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుదే. నిజాం ప్రాంతపు లెక్కల్లో హాలీ సిక్కా (నిజాం రూపాయి) వేరు, కల్దార్ (బ్రిటిషు రూపాయి) వేరు, రెండూ ఒకటే విలువ కావు. ఈ జాబితాను ఒక అట్టమీద రాసి, ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళ సంచిలో ఉంచండి.

రికార్డు చేసింది అదే వారంలో కాగితం మీదికి ఎక్కించండి. ఫోన్లు పోతాయి.

5. శాసనం కనబడితే చేతులు కట్టుకోండి

ఊరి బయట గుడి దగ్గర అక్షరాలున్న బండ ఉంది. ఉత్సాహవంతులు ముందు ఏం చేస్తారు? సుద్దముక్కతో అక్షరాలు దిద్దుతారు, లేదా పెయింటు పూస్తారు. ఫొటోలో బాగా కనబడుతుంది నిజమే, కానీ దిద్దినవాడు ఊహించిన అక్షరం కనబడుతుంది, చెక్కినవాడిది కాదు. జీర్ణోద్ధరణ పేరుతో గుడి స్తంభాలకు సున్నం వేయడం, యంత్రంతో ఇసుక కొట్టి శుభ్రం చేయడం ఇంకా పెద్ద నష్టం. ఆలయ కమిటీవాళ్ళతో ముందే కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి. గుడి బాగు కోరేవాళ్ళే వాళ్ళు, ఆ రాతలో తమ ఊరి పేరు ఉందని తెలిస్తే వాళ్ళే కాపలా కాస్తారు.

మీరు చేయగలిగింది: మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి పక్కనుంచి, ఏటవాలుగా వేసి ఫొటోలు తీయండి. పగలు కంటికి ఆనని గీతలు కూడా నీడతో లేచి కనబడతాయి. మొత్తం బండ ఒకటి, తరువాత వరుసగా ముక్కలు, పక్కన స్కేలు. తడి కాగితం అద్ది, కుంచెతో కొట్టి, సిరాతో నకలు తీసే పద్ధతి నేర్చుకున్నవారి చేత మాత్రమే చేయించండి. ఆ శాసనం ముందే అచ్చయిందేమో చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలు 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' పదో సంపుటంలో ఉన్నాయి. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ, కడప జిల్లాల శాసనాలకు రాష్ట్ర పురావస్తు శాఖ సంపుటాలున్నాయి. వాటిలో లేకపోతే ఫొటోలను రాష్ట్ర శాఖకో, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికో పంపండి.

రాయిని మాత్రం కదపవద్దు. అమరావతి స్తూపం గుర్తుందా? పద్దెనిమిదో శతాబ్దం చివర అక్కడి సున్నపురాతి పలకలను కట్టడాలకు తరలించారు, కొన్నిటిని సున్నానికి కాల్చారు. మిగిలినవాటిలో చాలావరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి.

6. చట్టం తెలిసి ఉండాలి

పునాదులు తవ్వుతుంటే నాణేల కుండ బయటపడింది, "మీ మ్యూజియంలో పెట్టుకోండి" అన్నారు. పెట్టుకోవచ్చా? కూడదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వందేళ్ళు దాటిన శిల్పాలు, లోహ విగ్రహాల వంటివి 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి, రాతప్రతులకైతే డెబ్భై అయిదేళ్ళే హద్దు. అలాంటిది ఎవరైనా తెచ్చినప్పుడు పురావస్తు శాఖను అడిగాకే ముట్టుకోండి. సంఘం పేరు ఒక్కసారి చెడితే మళ్ళీ ఎవరూ తలుపు తీయరు.

7. శుభ్రం చేయాలన్న తొందర వద్దు

మన చేతులు ఊరుకోవు. ఇత్తడి కనబడగానే చింతపండు తెస్తాం. పాత నాణేన్ని చింతపండుతో తోమితే పైపొరతోపాటు అక్షరాలూ అరిగిపోతాయి. తుప్పును గరుకు కాగితంతో గీకవద్దు. చిరిగిన దస్తావేజుకు సెల్లోటేపు వేయవద్దు, కొన్నేళ్ళకు జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి దిగుతుంది. పాత పత్రాలను లామినేషన్ చేయించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, దాన్ని వెనక్కి తీయలేం.

తాటాకు గ్రంథాలకు మనవాళ్ళ పద్ధతి ఉంది: నిమ్మగడ్డి నూనె లేత పూత, నూలు బట్టలో చుట్టడం, పక్కన వస కొమ్ము. అయినా ఆకులు పెళుసుగా ఉంటే విప్పకండి. హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత భాండాగారం, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట్ల ఆ పని తెలిసినవారున్నారు. పెట్టెలు నేలమీద కాకుండా బల్లమీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి. వానాకాలంలో వారానికోసారి తెరిచి చూడండి. చెదలు చెప్పి రావు.

8. కాగితాల వేట

మీ ఊరి గురించి మీకు తెలియకుండానే ఎవరో రాసిపెట్టి ఉంటారు. సర్వే అధికారి మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా సేకరించిన కైఫీయతుల్లో, అంటే గ్రామ వృత్తాంతాల్లో, మీ గ్రామం ఉందేమో చూడండి. పాత జిల్లా మాన్యువళ్ళు చూడండి: కృష్ణాకు 1883, కర్నూలుకు 1886, గోదావరి గెజిటీర్ 1907. ఆంధ్ర ప్రాంతంలో రెవెన్యూ డైగ్లాట్, తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి లెక్కలు ఊరి పొలాల పేర్లతో సహా దొరుకుతాయి. 1961 జనగణన వాళ్ళు జాతరలు, పండగలపై వేసిన సంపుటాలున్నాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఎన్నో లెక్కలు ఇళ్ళలోనే ఉండిపోయాయి, ఆ ఇళ్ళ తలుపు తట్టండి. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకసారి వెళ్ళండి. 1918లో ఊరివాళ్ళు మొదలుపెట్టిన గ్రంథాలయం అది. ఒక చిన్న ఊరు ఎంత దాచగలదో అక్కడ తెలుస్తుంది.

9. ఒక్కరోజు ప్రదర్శన

ఇప్పుడు రిజిస్టరులో యాభై వస్తువులున్నాయనుకుందాం. ఇంకా భవనం లేదు. ఫరవాలేదు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. బడిలో ఒక గది అడగండి, ఒక్కరోజుకు ఎవరూ కాదనరు. యాభైలో పదిహేను మాత్రమే పెట్టండి. కిక్కిరిసిన బల్లను ఎవరూ చూడరు.

చీటీమీద ఏం రాస్తారు? 'కుంచం, ఇత్తడి, పురాతనమైనది' అని రాస్తే పిల్లవాడు ఒక్క క్షణం చూసి వెళ్ళిపోతాడు. 'కూలికి వడ్లు కొలిచిన కుంచం. గీసి కొలవాలని మామగారు, రాశిగా పోయాలని కూలీలు. కోడలు ఏం చేసేదంటే...' అని మొదలుపెట్టండి. ఇంట్లో వాళ్ళ అనుమతితోనే సుమా. అక్షరాలు పెద్దవిగా, బల్ల పిల్లల కంటి ఎత్తులో. ఊరి పాత పటం ఒకటి గోడకు పెట్టి, "మీ ఇల్లు ఎక్కడ?" అని అడగండి. ఎవరూ గుర్తుపట్టని ఫొటోలు కొన్ని 'వీరెవరు?' అన్న చీటీతో వేలాడదీసి, పక్కన పెన్సిలు కట్టండి. సాయంత్రానికి సగం పేర్లు తెలుస్తాయి.

ఆ రోజు మీరు అన్నిటికంటే ఎక్కువ వినే మాట "ఇలాంటిది మా ఇంట్లోనూ ఉందండీ." దానికి "అలాగా, తీసుకురండి" అనకండి, వాళ్ళు తేరు. గుమ్మం దగ్గర ఒక సభ్యుణ్ణి పుస్తకంతో కూర్చోబెట్టండి. పేరు, వీధి, వస్తువు, ఫోన్ నంబరు రాసుకుని, ఏ రోజు వస్తామో అక్కడే చెప్పండి. చెప్పిన రోజున రిజిస్టరు, దానపత్రాలు, టేపు, పెన్సిలు తీసుకుని ఇద్దరు వెళ్ళండి. ఒకరు అడగడానికి, ఒకరు రాయడానికి. నెలాఖరున రిజిస్టరు పేజీలన్నీ ఫొటోలు తీసి, ఆ ప్రతిని మరో సభ్యుడి ఇంట్లో ఉంచండి. భవనం గురించి పంచాయతీకి మళ్ళీ వెళ్ళేటప్పుడు వినతిపత్రంతో కాదు, ఈ రిజిస్టరుతో వెళ్ళి సర్పంచిగారి ముందు తెరవండి.